పసిపిల్లలకి సీపీఆర్: నేను నేర్చుకున్న తీరు

ఎన్ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో ఉన్న మా బాబుని ఇంటికి పంపే ముందు ఆస్పత్రి వాళ్ళు ఒక షరతు పెట్టారు. బిల్లు, మందుల చీటీ, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలి, ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే, కానీ వీటితో పాటు ఇంట్లో బాబుని చూసుకునే వాళ్ళలో కనీసం ఇద్దరు పసిపిల్లల సీపీఆర్, అంటే ఊపిరీ గుండే ఆగినప్పుడు ఛాతీ నొక్కి నోటితో ఊపిరి ఊదడం, నేర్చుకుని బొమ్మ మీద చేసి చూపించాలి, అప్పుడే డిశ్చార్జ్ అన్నారు. వినగానే నాకు కాళ్ళలో వణుకు పుట్టింది, బిడ్డ బాగున్నాడని కదా పంపిస్తున్నారు, మళ్ళీ ఇదెందుకు అని. ఇప్పుడు వాడికి ఏడాది దాటింది, ఇల్లంతా పాకి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఈమధ్యే ఏడాది దాటిన పిల్లలకి చేసే పద్ధతి కూడా ఇంకో క్లాసులో చేరి నేర్చుకున్నాను. రెండు చోట్లా నేను చూసిందీ చేసిందీ ఇక్కడ రాస్తున్నాను. మన ఫోన్లలో తిరిగే సీపీఆర్ వీడియోలు దాదాపు అన్నీ పెద్దవాళ్ళవే, పిల్లల దగ్గరికొచ్చేసరికి వాటిలో ఉన్నది సగమే.

మా వాడు 31 వారాలకే పుట్టాడు, కిలోన్నర కూడా లేడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఊపిరిని నడిపించే మెదడు భాగం ఇంకా పూర్తిగా తయారై ఉండదు, అందుకని నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది. ఆప్నియా అంటారు. 20 సెకన్లు ఆగినా, అంతకంటే తక్కువసేపే ఆగి గుండె వేగం పడిపోయినా, ఒళ్ళు నీలంగా మారినా దాన్ని రాసుకుంటారు. దానికి ఇచ్చే మందు కెఫీన్, మనం రోజూ తాగే కాఫీలో ఉండేదే, చుక్కల లెక్కన ఇచ్చేవారు. ఆ మందు ఆపేశాక కొన్నాళ్ళపాటు ఒక్కసారి కూడా ఊపిరి ఆగకుండా ఉంటే తప్ప ఇంటికి పంపరు.

అక్కడ నేను గమనించిన ఒక విషయం చెప్పాలి. బాబు పాదానికి ఎర్రగా వెలిగే చిన్న పట్టీ చుట్టి ఉండేది, ఆక్సిజన్ అంకె పడిపోగానే అలారం మోగేది. అది మోగితే నా కళ్ళు మానిటర్ మీదకి పోయేవి. సిస్టర్ మాత్రం మానిటర్ వైపు చూసేదే కాదు, నేరుగా బాబు ఛాతీ వైపు చూసేది, చూస్తూనే అరికాలు మీద వేలితో తట్టేది, వీపు మీద గట్టిగా రుద్దేది. చాలాసార్లు అంతటితోనే వాడు ఒళ్ళు విరుచుకుని మళ్ళీ ఊపిరి అందుకునేవాడు. "మిషన్ తప్పు చెప్పొచ్చమ్మా, బిడ్డ రంగు తప్పు చెప్పదు" అనేది ఆవిడ. ఇంటికెళ్ళాక మానిటర్ ఉండదు, మా కళ్ళే ఉంటాయి, అందుకే ఆ మాట నాలో నాటుకుపోయింది.

ట్రైనింగ్ ఎన్ఐసీయూ పక్కనే, తల్లులు పాలు పిండుకునే గదిలో జరిగింది. నేను, మా ఆయన, అత్తయ్య, మాలాగే డిశ్చార్జ్ కోసం ఎదురుచూస్తున్న ఇంకో జంట. టేబుల్ మీద పసిబిడ్డ సైజు ప్లాస్టిక్ బొమ్మ పడుకోబెట్టి ఉంది. సిస్టర్ మొదలుపెట్టడమే ఒక ప్రశ్నతో మొదలుపెట్టింది, "పెద్దవాళ్ళ గుండె ఎందుకు ఆగుతుంది, పిల్లల గుండె ఎందుకు ఆగుతుంది?" అని. మేమెవరం చెప్పలేదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. పెద్దవాళ్ళలో చాలావరకు గుండెకే జబ్బు, నడుస్తూ మాట్లాడుతూ ఉన్న మనిషి హఠాత్తుగా కూలిపోతాడు, కూలిపోయే క్షణానికి వాళ్ళ రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది. అందుకే ఛాతీ నొక్కుతూ ఆ రక్తాన్ని తిప్పితే మొదటి కొన్ని నిమిషాలు చాలావరకు పని జరుగుతుంది. 2023లో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన రోడ్డు మీద పడిపోయిన మనిషిని బతికించిన వీడియో అందరం చూశాం కదా, ఆ రకం. పిల్లల్లో వరస తిరగబడుతుంది. గొంతులో ఏదో అడ్డం పడటమో, నీళ్ళలో మునగడమో, నిమోనియానో, మా వాడిలాగా ఆప్నియానో, ముందు ఊపిరి ఆగుతుంది, ఒంట్లో ఆక్సిజన్ అంతా అయిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, చివరికి ఆగుతుంది. అంటే గుండె ఆగే వేళకి రక్తంలో ఏమీ మిగలదు. ఆ రక్తాన్ని ఎంత తిప్పినా మెదడుకి చేరేది ఏముంటుంది? అందుకని పిల్లలకి ఊపిరి ఊదడం తప్పనిసరి. ఊపిరి ఆగి గుండె ఇంకా కొట్టుకుంటున్న దశలోనే మనం అందుకుంటే బిడ్డ కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. మెదడు ఆక్సిజన్ లేకుండా ఓర్చుకునేది నాలుగైదు నిమిషాలే, ఆ తర్వాత దెబ్బతినడం మొదలవుతుంది, అంబులెన్స్ ఎంత వేగంగా వచ్చినా ఆ కొద్ది నిమిషాలు ఇంట్లో వాళ్ళవే. ఈ ఒక్క విషయం పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలియాలని నా పట్టుదల, ఇదంతా రాయడం కూడా దానికోసమే.

తర్వాత పని. బిడ్డ కదలకుండా కనిపిస్తే ముందు అరికాలు మీద తట్టి గట్టిగా పిలవాలి. పట్టుకుని ఊపకూడదు, పసిపిల్లల్ని ఊపితే తల లోపల రక్తం కారే ప్రమాదం ఉంది. పలకకపోతే ఎవరినైనా కేకెయ్యాలి, 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాలి. ఊపిరి ఉందా లేదా అని ఛాతీ వైపు చూడాలి, 10 సెకన్లకి మించి చూస్తూ కూర్చోకూడదు. మధ్యలో ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగబీల్చినట్టు చేస్తే దాన్ని ఊపిరి అనుకోకూడదు, అదీ ఊపిరి లేనట్టే లెక్క. నాడి వెతకొద్దని మాకు గట్టిగా చెప్పారు. నర్సులు, డాక్టర్లు పసిబిడ్డకి మోచేతికి పైన చేతి లోపలివైపు నాడి చూస్తారు, మనలాంటి వాళ్ళం ఆ కంగారులో మన వేలి కొట్టుకోవడాన్నే బిడ్డ నాడి అనుకునే అవకాశం ఎక్కువ. పలకడం లేదు, ఊపిరి లేదు అంటే మొదలుపెట్టెయ్యడమే.

మెత్తటి పరుపు మీద చేస్తే నొక్కిన నొక్కంతా పరుపులోకే పోతుంది, కాబట్టి నేల మీదో టేబుల్ మీదో పడుకోబెట్టాలి. మన ఇళ్ళల్లో చీర ఉయ్యాల ఉంటుంది కదా, అందులోంచి బయటికి తీసి నేల మీద పెట్టాకే ఏదైనా.

నొక్కే చోటు: రెండు రొమ్ముల మధ్య గీత గీసినట్టు ఊహించుకుని దానికి కొంచెం కింద, నడి ఎముక మీద. ఎముక చివరి కొస మీద కాదు, పొట్ట మీద అసలే కాదు. ఛాతీ మందంలో మూడోవంతు లోపలికి దిగాలి, ఏడాది లోపు బిడ్డకి అది దాదాపు 4 సెంటీమీటర్లు. 4 సెంటీమీటర్లు అంటే వినడానికి చిన్నదే, ఆ చిన్న ఛాతీ మీద చేసి చూస్తే చాలా లోతు. సరైన లోతుకి దిగితే బొమ్మ లోపల టక్ మని చప్పుడు వస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 వేగం, అంటే 30 నొక్కులు 15 నుంచి 18 సెకన్లలో అయిపోవాలి. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేస్తేనే గుండెలోకి మళ్ళీ రక్తం నిండుతుంది.

లెక్క దగ్గర అందరం తడబడ్డాం. పది దాకా జోరుగా పోతుంది, ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని పలికేసరికి చెయ్యి కూడా నెమ్మదిస్తుంది. పది దాకా మూడుసార్లు లెక్కపెట్టండి అన్నారు సిస్టర్. అత్తయ్యకి ఆ పద్ధతి పెట్టగానే చెయ్యి లయలో పడింది.

30 నొక్కులయ్యాక 2 ఊపిర్లు. ఇక్కడే మాకు ఎక్కువసేపు పట్టింది, నిజానికి ఇక్కడే పట్టాలి కూడా. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది, వెనకభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, వెల్లకిలా పడుకోబెడితే తల దానంతట అదే ముందుకి వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గాలి దారి మూసుకుపోతుంది. పెద్దవాళ్ళకి చేసినట్టు తల బాగా వెనక్కి వంచినా మళ్ళీ మూసుకుపోతుంది, ఎందుకంటే ఆ గొట్టం ఇంకా మెత్తగా ఉంటుంది. ముక్కు నేరుగా పైకప్పు వైపు చూసేలా, అంతే, ముందుకీ కాదు వెనక్కీ కాదు. భుజాల కింద మడతపెట్టిన చిన్న తువ్వాలు పెడితే తల ఆ స్థితిలో నిలుస్తుంది. గడ్డం ఎత్తేటప్పుడు వేలు ఎముక మీదే ఉండాలి, కింది మెత్తటి భాగంలో గుచ్చితే నాలుక వెనక్కి పోతుంది.

ఏడాది లోపు బిడ్డకి మన నోటితో వాళ్ళ నోరూ ముక్కూ రెండూ కలిపి మూసి ఊదాలి. ఎంత ఊదాలి? మా ఆయన మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకుని ఊదబోతే సిస్టర్ ఆపేసింది. బుగ్గల్లో పట్టిన గాలి చాలు, గ్లాసులో వేడి పాల మీద ఊదినంత మెల్లగా, ఒక్క సెకను. కళ్ళు ఛాతీ మీద ఉండాలి. ఛాతీ కొంచెం పైకి లేచిందా, ఆపెయ్, అది కిందికి దిగాక రెండోది. లేవకపోతే తల స్థితి మార్చి మళ్ళీ ఊదాలి, బలం పెంచకూడదు. బలంగా ఊదితే గాలి పొట్టలోకి పోతుంది, పొట్ట ఉబ్బి తాగిన పాలు పైకొస్తాయి, అవి మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో గండం. పాలు పైకొస్తే పక్కకి తిప్పి తుడిచి కొనసాగించడమే. బొమ్మ ఛాతీ నా ఊపిరికి మొదటిసారి లేచినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎందుకో చెప్పలేను.

ఇలా 30, 2, 30, 2, ఐదుసార్లు చేస్తే దాదాపు 2 నిమిషాలవుతుంది. ఇద్దరున్నప్పుడు 2 నిమిషాలకోసారి చేతులు మారాలి, అలిసిన చెయ్యి తనకి తెలియకుండానే పైపైన నొక్కుతుంది. ఒక్కరే ఉండి చేతిలో ఫోన్ లేకపోతే ముందు 2 నిమిషాలు సీపీఆర్ చేసి, అప్పుడు ఫోన్ కోసం వెళ్ళాలి, పసిబిడ్డ కాబట్టి ఎత్తుకునే వెళ్ళొచ్చు. ఊపిరి లేదు గానీ నాడి ఉంది అని తెలిసిన చోట, అంటే నర్సులు చూసి చెప్పగలిగిన చోట, ఊపిర్లు మాత్రమే ఇస్తారట, 2-3 సెకన్లకి ఒకటి చొప్పున. గుండె 60 కంటే తక్కువ కొట్టుకుంటూ ఒళ్ళు రంగు మారితే నాడి ఉన్నా నొక్కడం మొదలుపెడతారు. ఇది నేను అడిగితే చెప్పారు, మా చేత చేయించలేదు.

పక్కన కూర్చున్న ఇంకో తల్లి అడిగిన ప్రశ్న అందరి మనసులోదీ. "అంత గట్టిగా నొక్కితే ఎముకలు విరగవా సిస్టర్?" పిల్లల పక్కటెముకలు వంగుతాయి, అంత తేలిగ్గా విరగవు, విరిగినా అతుక్కుంటాయి, ఊపిరి లేకుండా వదిలేస్తే మాత్రం తిరిగి తెచ్చుకోలేం అంది. ఆ తర్వాత ఆ అమ్మాయి బొమ్మ మీద టక్ మనిపించింది.

అత్తయ్య గురించి ఒక మాట. ఆవిడకి అరవై దాటాయి, ముగ్గురు పిల్లల్ని పెంచిన చెయ్యి. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా అమ్మాయ్" అంటూనే వచ్చి కూర్చున్నారు, కానీ మేము ఇద్దరం ఉద్యోగాలకి పోతే పగలంతా బాబు ఆవిడ దగ్గరే ఉంటాడు, కాబట్టి అందరికంటే ఆవిడకే ముఖ్యం. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోలేరు, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద చేయండి అని సిస్టర్ దారి చూపించింది. చివర్లో ఆవిడ చేత మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా చేయించారు, ఎక్కడా ఆగకుండా చేశారు. బామ్మలకీ అమ్మమ్మలకీ నేర్పకుండా ఒక్క తల్లిదండ్రులకి నేర్పి పంపేస్తే మన ఇళ్ళల్లో అది చాలదు.

అదే కూర్చోవడంలో సిస్టర్ ఇంకొన్ని చెప్పింది, అవి సీపీఆర్ అవసరం రాకుండా చూసుకునేవి. ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి, బోర్లా వద్దు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు వద్దు, పక్కన మెత్తటి బొమ్మలు, దుప్పట్లు వద్దు. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వద్దు, నెలలు తక్కువ ఊపిరితిత్తులు ఆ పొగకి తట్టుకోలేవు. ముక్కులో నూనె చుక్కలు వెయ్యడం, ముక్కులోకి ఊదడం వద్దు. ఆవాల దిండు దగ్గర అత్తయ్య ముఖం కొంచెం చిన్నబోయింది, అప్పటికే కుట్టించి పెట్టారు మరి. ఇంటికెళ్ళాక దాన్ని ఆవిడే అటక మీద పెట్టేశారు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పాలు తాగి పడుకున్న బాబుకి ముక్కులోంచి పాలు వచ్చాయి. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. చూసేసరికి పెదవుల చుట్టూ రంగు మారింది, ఛాతీ కదలడం లేదు. వెంటనే పక్కకి తిప్పాను, నోట్లోంచి కారుతున్న పాలు తుడిచాను, అరికాలు మీద తట్టాను, వీపు రుద్దాను, "అత్తయ్యా" అని కేకేశాను. ఆవిడ ఫోన్ పట్టుకుని వచ్చేలోపే వాడు దగ్గి, గుక్కపెట్టి ఏడ్చాడు. బతికాను అనుకున్నాను. నొక్కాల్సిన పని గానీ ఊదాల్సిన పని గానీ పడలేదు. అయినా అదే సాయంత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, పాలు పైకి తన్నడం వల్లే అని చూసి చెప్పి, పాలు పట్టాక కాసేపు నిలువుగా ఎత్తుకోమన్నారు. ఆ కొద్ది సెకన్లలో నేను ఏమీ ఆలోచించలేదు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, ఆ గదిలో బొమ్మ మీద చేయించిందే చేశాయి.

వాడు పాకడం మొదలుపెట్టి నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం మొదలయ్యాక నాకు ఇంకో బెంగ పట్టుకుంది. అందుకే విజయవాడలోనే ఒక వారాంతపు క్లాసులో చేరాను. స్కూలు టీచర్లు, స్విమ్మింగ్ పూల్ దగ్గర పనిచేసే ఒక కుర్రాడు, ఇద్దరు ముగ్గురు తల్లులు, క్రెష్ నడిపే ఒకావిడ ఉన్నారు. నేర్పిన సార్ పిల్లల డాక్టర్. అక్కడ నేను మొదట విన్నది, నాకు ముందు నేర్పిన దానిలో ఒకటి మారిందని. ఎన్ఐసీయూలో మాకు రెండు వేళ్ళతో నొక్కడం నేర్పారు. 2025 అక్టోబరులో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో పసిపిల్లలకి ఆ రెండు వేళ్ళ పద్ధతి తీసేశారు, దానితో సరైన లోతు రావడం లేదని. ఇప్పుడు ఒక చేతి మడమతో, అంటే అరచేతిలో మణికట్టుకి దగ్గరుండే గట్టి భాగంతో నొక్కడం, లేదా రెండు చేతులతో బిడ్డ ఛాతీని చుట్టూ పట్టుకుని రెండు బొటనవేళ్ళతో నొక్కడం. బొటనవేళ్ళతో చేసి చూస్తే తేడా నాకే తెలిసింది, చప్పుడు ప్రతిసారీ వచ్చింది, వేళ్ళు నొప్పెట్టలేదు. ఇంటికెళ్ళి మా ఆయనకీ అత్తయ్యకీ మళ్ళీ చూపించాను. ఎప్పుడో నేర్చుకున్నవాళ్ళు ఉంటే ఇది గమనించండి.

ఏడాది దాటి, యుక్తవయసు రాని పిల్లల దాకా ఇంకో పద్ధతి. ఒక చేత్తో, పిల్లాడు పెద్దవాడైతే రెండు చేతులతో, దాదాపు 5 సెంటీమీటర్ల లోతు. ఊపిరి ఇచ్చేటప్పుడు ముక్కు రెండు వేళ్ళతో మూసి, నోటితో నోరు మూసి ఊదాలి, తల కొంచెం వెనక్కి వంచాలి. వేగం అదే, 30కి 2 అదే. మా మరదలు ఇంగ్లండులో ఉంటుంది, తను అక్కడ నేర్చుకున్నప్పుడు ముందుగా 5 ఊపిర్లు ఇచ్చి తర్వాత నొక్కడం మొదలుపెట్టమన్నారట. సార్ని అడిగాను, ఏది సరైనదని. అక్కడి పద్ధతి అది, అమెరికా పద్ధతి నొక్కులతో మొదలవుతుంది, రెండింటిలోనూ ఊపిరి ఉంది చూడమ్మా, మీరు నేర్చుకున్నది ఆలస్యం లేకుండా చెయ్యండి అన్నారు. నోటితో ఊదలేని పరిస్థితి అయితే ఉత్త నొక్కులైనా చెయ్యాలి, ఏమీ చెయ్యకుండా నిలబడటం కంటే అది ఎంతో నయం.

పెద్ద పిల్లల బొమ్మ చూపిస్తూ సార్ ఒక కథ చెప్పారు. ఇలాంటి బొమ్మల్ని మొదట 1960లో తయారుచేసింది నార్వేలో ఆటబొమ్మలు చేసే అస్ముండ్ లేర్డాల్. అంతకు కొన్నేళ్ళ ముందు ఆయన చిన్న కొడుకు నీళ్ళలో మునిగితే ఆయనే తీసి బతికించుకున్నాడు. నోటితో ఊపిరి ఊదే పద్ధతిని డాక్టర్లు అందరికీ నేర్పాలనుకున్నప్పుడు బొమ్మ కావాలని ఆయన దగ్గరికి వెళ్ళారు. బిడ్డ చేతుల్లోంచి జారిపోతుంటే ఎలా ఉంటుందో తెలిసిన తండ్రి చేసిన బొమ్మ అది అన్నమాట.

నీళ్ళ విషయం వచ్చేసరికి మా క్లాసులో చర్చ చాలాసేపు సాగింది, విజయవాడ మధ్యలోంచే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పోతాయి, అందరికీ తెలిసిన సంఘటన ఏదో ఒకటి ఉంది. మన దగ్గర నీళ్ళలోంచి తీసిన పిల్లాడిని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, భుజం మీద వేసుకుని పరిగెత్తడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం ఇంకా చేస్తున్నారు. వీటివల్ల ఊపిరితిత్తుల్లోని నీళ్ళు బయటికి రావు, పొట్టలో ఉన్నవి గొంతులోకి వచ్చి దారి మూస్తాయి, అన్నిటికీ మించి ఊపిరి ఊదాల్సిన నిమిషాలు అందులోనే కరిగిపోతాయి. మునిగిన పిల్లలకి ముందు ఊపిర్లు ఇచ్చి, ఆ తర్వాతే నొక్కులు మొదలుపెట్టాలి. లేచి కూర్చుని మాట్లాడినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది మొదలవ్వచ్చు. కాలువలే అక్కర్లేదు, మూత సరిగ్గా పెట్టని సంపు, బాత్‌రూమ్‌లో సగం నిండిన బకెట్ చాలు నడక నేర్చిన బిడ్డకి. మేము ఇంటికి రాగానే చేసిన మొదటి పని బకెట్లు ఒంపి బోర్లించడం.

గొంతులో అడ్డం పడటం మీద గంట పైనే చేయించారు. పిల్లాడు గట్టిగా దగ్గుతున్నా ఏడుస్తున్నా గాలి పోతున్నట్టే, వీపు మీద కొట్టకుండా దగ్గనివ్వాలి. గొంతు పెగలడం లేదు, దగ్గు రావడం లేదు, ముఖం నల్లబడుతోంది అంటే అప్పుడు మనం దిగాలి. ఏడాది లోపు బిడ్డని మన ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, దవడ దగ్గర పట్టుకుని, తల ఛాతీ కంటే కిందకి ఉండేలా తొడ మీద ఆనించి, రెండు భుజాల రెక్కల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, సీపీఆర్ చేసే చోటే ఛాతీ మీద 5 నొక్కులు. వచ్చేదాకా, లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఇలాగే. ఏడాది లోపు పొట్ట నొక్కకూడదు, కాలేయం దెబ్బతింటుంది. ఏడాది దాటినవాళ్ళకి వీపు మీద 5, తర్వాత వెనక నుంచి పట్టుకుని పొట్ట మీద పైకి 5. స్పృహ తప్పితే పడుకోబెట్టి సీపీఆర్, ఊపిరి ఊదే ముందు ప్రతిసారీ నోట్లో చూడాలి, కనిపిస్తేనే తియ్యాలి. కనిపించకుండా వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. క్రెష్ ఆవిడ దగ్గర ఉన్న జాబితా నేను రాసుకొచ్చాను: పల్లీలు, వేయించిన శనగలు, సీతాఫలం గింజలు, రేగుపండు గింజ, చింతగింజ, కోయకుండా ఇచ్చిన ద్రాక్ష, పగిలిన బెలూన్ ముక్క, రిమోట్‌లోని గుండ్రటి బ్యాటరీ. బ్యాటరీ అయితే అడ్డం పడకపోయినా మింగినా సరే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి, లోపల కాల్చేస్తుంది.

గుండె లయ చూసి అవసరమైతే షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్ కూడా చూపించారు, విమానాశ్రయాల్లో, కొన్ని మాల్స్‌లో గోడకి ఉంటుంది కదా. 8 ఏళ్ళ లోపు పిల్లలకి చిన్న ప్యాడ్లు వాడాలి, ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద. అవి లేకపోతే పెద్దవే వాడొచ్చు, ఒకదానికొకటి తగలకుండా. మిగతాది మిషనే చెప్తుంది.

108 గురించి కూడా సార్ వివరంగా చెప్పారు. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, ఇప్పుడు నంబర్ తెలియనివాళ్ళు లేరు, అయినా ఫోన్ చేసినప్పుడు చాలామంది ఏడుస్తూ పెట్టేస్తారట. బిడ్డ వయసు, ఊపిరి ఉందా లేదా, ఇల్లెక్కడ, దగ్గర్లో గుడో స్కూలో ఏదుంది, ఈ నాలుగు చెప్పి ఫోన్ పెట్టెయ్యకుండా స్పీకర్లో ఉంచాలి. మేము మా అడ్రస్, వీధి మలుపులో ఉన్న రామాలయం పేరు ఒక అట్ట మీద రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాం, కంగారులో సొంత ఇంటి నంబరు కూడా గుర్తురాదు కాబట్టి. పనమ్మాయి కూడా చదివి చెప్పగలిగేలా పెద్ద అక్షరాలతో.

ఇది చదివి ఎవరూ నేర్చుకున్నట్టు కాదు, అది నేనే చెప్తున్నాను, చేతికి ఆ లోతు, నోటికి ఆ మెత్తదనం బొమ్మ మీద చేస్తేనే వస్తాయి. మీ పిల్లల డాక్టర్‌ని అడగండి, ఎక్కడ నేర్పుతారో వాళ్ళకి తెలుస్తుంది, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు కూడా ఈ ట్రైనింగులు పెడుతుంటారు. కొన్నాళ్ళు చెయ్యకపోతే చెయ్యి మర్చిపోతుంది, రెండేళ్ళకోసారి మళ్ళీ నేర్చుకోమన్నారు, మేము మధ్యమధ్యలో వాడి పాత బొమ్మని టేబుల్ మీద పెట్టి వరస ఒకసారి చెప్పుకుంటూ చేస్తాం. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి, వచ్చే నెల ఆదివారం కింద కమ్యూనిటీ హాల్లో క్లాసు పెట్టడానికి సార్ ఒప్పుకున్నారు. వాచ్‌మన్ భార్యనీ, పిల్లల్ని చూసుకునే ఆయాల్నీ ముందు వరసలో కూర్చోబెట్టాలని అత్తయ్య ఇప్పటినుంచే అందరికీ చెప్పి వస్తున్నారు.